ఉద్దానంలో డాక్యుమెంటరీ తీయాలంటే: మనుషుల నమ్మకం పొందడం, వారిని బాధ్యతగా చూపించడం ఎలా

కథాచిత్రంలో నటించినవారు షూటింగ్ ముగిశాక వేషం తీసేసి ఇంటికి వెళ్తారు. డాక్యుమెంటరీలో కనిపించినవారు అదే ముఖంతో, అదే పేరుతో, అదే వీధిలో బతకాలి. ఈ తేడాను పని మొదలైన రోజు నుంచి చివరిదాకా ఎలా గుర్తుంచుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం. విషయం స్పష్టంగా ఉండటానికి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని ఈ కొబ్బరి, జీడి తోటల సీమలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషులను బలి తీసుకుంటోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్న ఈ జబ్బుకు కారణమేమిటో ఇంకా తేలలేదు. అందుకే టీవీ బృందాలు, పరిశోధకులు, నాయకులు, విద్యార్థులు అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్తుంటారు. మీరు వెళ్లేసరికి ఆ ఊళ్లవారికి కెమెరా కొత్త కాదు. దానివల్ల ఏం జరుగుతుందో, ఏం జరగదో మీకంటే వారికే బాగా తెలుసు.

బయలుదేరకముందు

ముందుగా చదవండి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లోను ఇలాంటి జబ్బే కనిపించిందని, తాగునీరు, ఎండలో శ్రమ వల్ల ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం వంటి అనేక కారణాలపై అనుమానాలు ఉన్నాయని తెలుసుకుని వెళ్లండి. ఈ ప్రాథమిక విషయాలను రోగుల నోటి నుంచి రాబట్టడం న్యాయం కాదు. భర్తను పోగొట్టుకున్న మనిషి తన జీవితంలోని అతి చెడ్డ రోజును మీ హోంవర్క్ కోసం ఇంకోసారి చెప్పనక్కరలేదు.

తరువాత ఒక కాగితం తీసుకుని, ఈ సినిమా ఎందుకు తీస్తున్నారు, డబ్బు ఎవరు పెడుతున్నారు, ఎక్కడెక్కడ చూపిస్తారు అనే మూడు విషయాలను వాడుక తెలుగులో రాయండి. నిధుల కోసం రాసిన ఇంగ్లీషు ప్రతిపాదనను అనువదించకండి. ఊళ్లో ఒక పెద్దావిడకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాయలేకపోయారంటే, సినిమా మీకే ఇంకా స్పష్టంగా లేదన్నమాట.

అదే కాగితం వెనుక మీ ప్రేక్షకులు ఎవరో రాయండి. సాధారణంగా అందరూ చలనచిత్రోత్సవాలు, ఓటీటీ, విధాన నిర్ణేతలు అని రాస్తారు. నా ఉద్దేశంలో ఆ జాబితాలో మొదటి పేరు పక్కింటివారిది, రెండోది ఆ ఇంట్లోని అమ్మాయిని చూడటానికి వచ్చే పెళ్లివారిది కావాలి. ఉద్దానం గ్రామాలతో సంబంధాలు కలుపుకోవడానికి బయటివారు జంకుతున్నారన్న మాట ఆ ప్రాంతం గురించి వచ్చిన వార్తల్లో ఎన్నోసార్లు కనిపిస్తుంది. మీ సినిమాలో తండ్రి డయాలసిస్ మంచం మీద కనిపిస్తే, దాని ఫలితం ఆయన కూతురి సంబంధం మీద పడవచ్చు. ఇకపై చెప్పబోయే ప్రతి నిర్ణయంలోనూ, ఈ దృశ్యాన్ని ఆ ఇంటి చుట్టుపక్కలవారు చూసినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్ననే ముందు వేసుకోండి.

ఎవరి వెంట వెళ్తున్నారు

ఊరిలోకి మీరు ఎవరి వాహనంలో దిగారన్నది మీరు నోరు తెరవకముందే సగం పరిచయం చేసేస్తుంది. సర్పంచి వెంట వెళ్తే ఆ పార్టీవారని, ఆసుపత్రి జీపులో వెళ్తే డాక్టర్లని, స్వచ్ఛంద సంస్థ బోర్డున్న వాహనంలో వెళ్తే సాయం తెచ్చేవారని అనుకుంటారు. ఏ దారీ పూర్తిగా తటస్థం కాదు కాబట్టి ఒకే దారిని నమ్ముకోకండి. ఆశా కార్యకర్త ద్వారా ఒక ఇంటికి, బడి పంతులు ద్వారా మరో ఇంటికి, జీడి పరిశ్రమలో పనిచేసే మహిళల ద్వారా ఇంకో ఇంటికి వెళ్లండి. ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో, ఏ వీధివారు ఏ వీధికి వెళ్లరో తెలిసేదాకా ఎవరినీ మీ సినిమాకు ప్రధాన వ్యక్తిగా నిర్ణయించుకోకండి. మొదటి రోజే ఎదురొచ్చి చక్కగా మాట్లాడే మనిషి దాదాపు ప్రతి ఊరిలోనూ ఉంటాడు. వచ్చిన టీవీవారందరితోనూ ఆయనే మాట్లాడి ఉంటాడు. ఆయన చెప్పేది అబద్ధమని కాదు గానీ, కెమెరా ముందు మాట్లాడే అలవాటు లేని మనిషి దగ్గరికి చేరడానికే మీ సమయం ఎక్కువ పట్టాలి.

ఆశా కార్యకర్తతో ఒక జాగ్రత్త అవసరం. ఎవరి రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే పదార్థం) ఎంత ఉందో ఆమెకు తెలుసు, కానీ ఆ సమాచారం మీకు ఇచ్చే హక్కు ఆమెకు లేదు. రోగుల జాబితా అడగకండి. మీ విషయం ఇళ్లలో చెప్పి, ఇష్టమున్నవారు మీకు కబురు చేసేలా చూడమని మాత్రమే అడగండి.

కెమెరా లేని రోజులు

మొదటి కొన్ని రాకపోకల్లో కెమెరా సంచిని బసలోనే వదిలి వెళ్లండి. ఫోన్‌తో కూడా ఫొటోలు తీయకండి. ఈ దశలో మీరు చేయవలసిన పని వినడం, మీ గురించి దాచకుండా చెప్పడం. "అమ్మా, మేము సినిమా తీసేవాళ్లం. డాక్టర్లం కాదు, గవర్నమెంటువాళ్లం కాదు. దీనివల్ల మీకు పింఛను రాదు, మందులు రావు. మీ బతుకు గురించి బయటివాళ్లకు తెలుస్తుంది, అంతవరకే మేము చేయగలిగింది" అని సూటిగా చెప్పండి. దానికి "మీలాగే శానామంది వచ్చి రాసుకుని ఎల్లిపోనారు బాబూ" అనే సమాధానం రావచ్చు. అప్పుడు మేము వాళ్లలాంటివాళ్లం కాదని వాదించకండి, ముందు వచ్చినవారు కూడా సరిగ్గా ఆ మాటే అని ఉంటారు. వారు ఏమి రాసుకున్నారో, అది ఎక్కడ వచ్చిందో, వచ్చాక ఏమైందో అడగండి. ఆ సమాధానాల్లోనే మీరు చేయకూడని పనుల జాబితా దాదాపు మొత్తం దొరుకుతుంది.

మళ్లీ వస్తామన్న రోజున రండి. రాలేకపోతే ముందుగానే ఫోన్ చేసి చెప్పండి. నమ్మకం గురించి పెద్ద పెద్ద మాటలు చాలా వినిపిస్తాయి కానీ, పల్లెలో దాన్ని కొలిచేది ఎక్కువగా ఇలాంటి చిన్న విషయాలతోనే.

అంగీకారం

సంతకం చేయించుకున్న విడుదల పత్రం (తనను చిత్రించి చూపించడానికి ఒప్పుకుంటున్నానని రాసిచ్చే కాగితం) నిర్మాతను కోర్టులో కాపాడేందుకు ఉపయోగపడుతుంది. ఎదుటి మనిషికి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో అర్థమైందనడానికి అది రుజువు కాదు. కాబట్టి ఆ పత్రాన్ని పని చివరన పెట్టుకుని, అంగీకారాన్ని దఫదఫాలుగా అడగండి.

మొదటి దఫా షూటింగుకు ముందు. ఇక్కడ "మిమ్మల్ని తీయవచ్చా" అని ఒకే ప్రశ్న వేయకండి, విడివిడిగా అడగండి. ముఖం చూపించవచ్చా? అసలు పేరు వాడవచ్చా? ఊరి పేరు చెప్పవచ్చా? జబ్బు ఏ దశలో ఉందో చెప్పవచ్చా? ఇంటి లోపల తీయవచ్చా? పిల్లలు కనిపించవచ్చా? ఒక మనిషి ముఖం చూపించడానికి ఒప్పుకుని ఇల్లు వద్దనవచ్చు, పేరుకు ఒప్పుకుని పిల్లలు వద్దనవచ్చు. ఈ సమాధానాలన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, షూటింగు రోజున కెమెరామన్‌కు, తరువాత ఎడిటర్‌కు అందేలా చూడండి. దర్శకుడికి మాత్రమే గుర్తున్న షరతు ఎడిటింగ్ బల్ల దగ్గర మాయమైపోతుంది.

చదవలేనివారికి పత్రాన్ని చదివి వినిపించేటప్పుడు, పక్కన సాక్షిగా వారు నమ్మే మనిషి ఉండాలి. మీ బృందంలోని వారు సాక్షి కాలేరు. వేలిముద్ర తీసుకునే ముందు, ఏమి అర్థమైందో వారి మాటల్లో చెప్పమని అడిగి, ఆ మాటలను వారి అనుమతితో రికార్డు చేయండి. పత్రం ఒక ప్రతి వారి ఇంట్లో ఉండాలి, దాని మీద పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి. ఇవన్నీ చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఆధార్ నకలు నుంచి భూమి కాగితాల దాకా ఎన్నో చోట్ల అర్థం కాకుండానే వేలిముద్రలు వేసి ఉన్న మనిషికి, కాగితంతో మర్యాదగా వ్యవహరించేవారు కూడా ఉంటారని తెలియడం చిన్న విషయం కాదు.

ఎప్పుడు అడుగుతున్నారన్నది ఎలా అడుగుతున్నారన్నంత ముఖ్యం. డయాలసిస్ సుమారు నాలుగు గంటలు సాగుతుంది, వారంలో రెండు మూడు సార్లు చేయించుకోవాలి. యంత్రానికి అనుసంధానమై కదలలేని మనిషిని అంగీకారం అడగడం అంగీకారం అడగడం కాదు. అది పూర్తయ్యాక నీరసంతో ఇంటికి చేరే దారిలో అడగడం కూడా సరి కాదు. మధ్యలో ఉండే విశ్రాంతి రోజున ఇంటి దగ్గర అడగండి, ఇంట్లోవారితో మాట్లాడుకోవడానికి సమయం ఇవ్వండి. అక్కడికక్కడే జవాబు రావాలని పట్టుబట్టకండి. ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇచ్చే అనుమతి గదిలోకి వెళ్లడానికి మాత్రమే, మంచం మీది మనిషిని తీయడానికి కాదు. పైగా, వద్దంటే చికిత్సలో తేడా వస్తుందేమోనన్న భయం రోగికి ఉంటుంది. అలాంటిదేమీ జరగదని మీరు చెప్తే సరిపోదు. సిబ్బంది ఎవరూ లేని చోట అడగాలి.

రెండో దఫా షూటింగు తరువాత. అప్పటికి తాము ఏమి మాట్లాడారో వారికి తెలుస్తుంది కాబట్టి అసలు అంగీకారం ఇదే. మూడో దఫా రఫ్ కట్ (ఎడిటింగ్ ఖరారు కాని తొలి ప్రతి) చూపించినప్పుడు. వెనక్కి తగ్గే హక్కు ఎప్పటివరకు ఉంటుందో ముందే నిజాయితీగా చెప్పండి. ఎడిటింగ్ ఖరారయ్యే తేదీ వరకు ఎలాంటి కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని, ఆ తరువాత భద్రతకు ముప్పు వచ్చినప్పుడు మాత్రమే మార్పులు సాధ్యమని రాసుకోవడం ఒక ఆచరణీయమైన పద్ధతి. ఎప్పుడైనా తీసేస్తామని గొప్పగా మాట ఇచ్చి, పంపిణీదారుతో ఒప్పందం అయ్యాక చేతులెత్తేయడం కంటే ఇది మేలు.

ఉద్దానం వంటి చోట ఇంకొక ప్రశ్న అడగక తప్పదు. సినిమా పూర్తయ్యేలోపు ఆ మనిషి చనిపోవచ్చు. అప్పుడు వారి దృశ్యాల గురించి ఎవరు నిర్ణయించాలని వారు కోరుకుంటున్నారు? భార్యా, కొడుకా, అన్నా? ఈ ప్రశ్నను మొదటి రోజు కాకుండా, చనువు ఏర్పడ్డాక మెల్లగా అడగండి. చాలామంది దీనికి నొచ్చుకోరు. తమ పరిస్థితి గురించి దాపరికం లేకుండా మాట్లాడే మనిషి దొరికారన్నట్టు స్పందించేవారూ ఉంటారు.

డబ్బు మాట

సాక్ష్యానికి డబ్బు ఇస్తే మాట మారుతుందని పాత్రికేయ వృత్తిలో ఒక నియమం ఉంది. అది సబబే. కానీ జీడి పిక్కలు ఒలిచే పనికి రోజు కూలి మీద వెళ్లే ఆమెను నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, మీరు మాత్రం జీతం తీసుకోవడం ఏ నియమమూ సమర్థించలేని పని. పోయిన కూలిని పోయిన కూలిగానే లెక్కగట్టి ఇవ్వండి. అందరికీ ఒకే లెక్కన, అందరికీ తెలిసేలా ఇవ్వండి. సంతకం తీసుకునే రోజున మాత్రం డబ్బు చేతులు మారకూడదు. ఫలానా మాట చెప్పినందుకు ఇంత అన్న భావన ఎక్కడా రానివ్వకండి.

మధ్యలో అత్యవసరం వస్తుంది. రాత్రివేళ ఆయాసం వచ్చిన మనిషిని పలాసకు తీసుకెళ్లడానికి వాహనం కావాలి, అక్కడ ఉన్నది మీ వాహనమే. అప్పుడు కెమెరా పక్కన పెట్టి బండి తీయండి. ఇందులో చర్చించడానికేమీ లేదు. తరువాత ఆ సంఘటన సినిమాలో వస్తే, మీ బండిలో వెళ్లారన్న విషయం కూడా సినిమాలో రావాలి. లాభం వస్తే అందులో భాగం ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. షికాగోలో ఇద్దరు కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ జీవితాన్ని ఏళ్ల తరబడి చిత్రించిన 'హూప్ డ్రీమ్స్' దర్శకులు సినిమా ఆదాయాన్ని ఆ కుటుంబాలతో పంచుకున్నారు. అలా చేయదలిస్తే కాగితం మీద పెట్టండి. చేయదలచకపోతే ఆశ కల్పించకండి.

షూటింగు రోజుల్లో

బృందం ముగ్గురికి మించకుండా ఉంటే మంచిది. వారిలో ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు వీడియో నేర్చుకుని తమ సినిమాలు తామే తీసుకున్నారు. ఎదుటి మనిషి కంటికి సమానమైన ఎత్తులో కెమెరా పెట్టి తీసే షాట్‌ను వారు సంఘం షాట్ అని పిలుచుకున్నారు. మీరూ అదే అలవాటు చేసుకోండి. నేల మీద కూర్చున్న మనిషిని నిలబడి తీయకండి. మంచం మీద పడుకున్న రోగిని పైనుంచి తీస్తే, ఎంత సానుభూతితో తీసినా ఆ చిత్రంలో ఆయన చిన్నబోతాడు.

ల్యాపెల్ మైక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నమ్మకం ఎక్కువగా చెడేది ఈ చిన్న పరికరం వల్లనే. చీర కొంగుకు మైక్ పెట్టి ఇంటర్వ్యూ మొదలుపెడతారు. మధ్యలో ఆమె లేచి వంటగదిలోకి వెళ్లి, టీ పెడుతూ తోడికోడలితో అత్తగారి మందుల ఖర్చు గురించో, వీళ్లు ఎప్పుడు పోతారోననో మెల్లగా అంటుంది. బయట కూర్చున్న సౌండ్ రికార్డిస్టు చెవిలో ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. ఆ మాటల్లో సినిమాకు అద్భుతంగా పనికొచ్చేవి ఉంటాయి, వాటి మీద మీకు ఏ హక్కూ ఉండదు. మైక్ పెట్టేటప్పుడే దాని ఎర్రదీపం చూపించి, అది వెలుగుతున్నంతసేపూ మేము వింటున్నామని చెప్పండి. ఆపే మీట ఎక్కడుందో ఆమెకు నేర్పండి. ఒకసారి ఆమె చేతనే ఆపించి చూడండి. ఆమె గది దాటగానే రికార్డిస్టు చెవి నుంచి హెడ్‌ఫోన్ తీసేయాలని బృందంలో ముందే అనుకోండి.

డయాలసిస్ గదిలో మీరు అనుమతి తీసుకున్నది ఒకరి దగ్గర, మంచాలు మాత్రం వరుసగా ఉంటాయి. పక్క మంచం మీది మనిషి, గోడ మీది పట్టికలో పేర్లు, మంచానికి వేలాడే కేసు షీటు, ఆరోగ్యశ్రీ కార్డు నంబరు ఇవేవీ ఫ్రేములోకి రాకూడదు. తరువాత బ్లర్ చేయవచ్చులే అనుకోకుండా అక్కడే కోణం మార్చండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి శస్త్రచికిత్సతో రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేయిని అతి దగ్గరగా తీయాలన్న ఉత్సాహం ప్రతి కెమెరామన్‌కూ కలుగుతుంది. ఉబ్బిన నరం, సూదులు, ఎర్రటి గొట్టాలు చూడటానికి తీవ్రంగా ఉంటాయి. ఒకసారి తీయండి, మనిషి ఒప్పుకుంటే. కానీ అదే మనిషి తోటలో కొబ్బరికాయలు లెక్కపెట్టడం, మనవరాలితో పేచీ పడటం కూడా అంతే శ్రద్ధగా తీయండి. జబ్బు మాత్రమే కనిపించే సినిమాలో మనిషి కనిపించడు.

ఏడిపించడానికి ప్రశ్న వేయకండి. ఏడుపు దానంతట అది వస్తే, కెమెరా ఆపమంటారా అని అడగండి. జవాబు చెప్పలేని స్థితిలో ఉంటే ఆపేయండి. ఆ ఏడుపును వాడాలా వద్దా అన్నది తరువాతి రోజు వారినే అడగవచ్చు. కెమెరా సరిగ్గా లేదని ఆ మాట మళ్లీ చెప్పమని మాత్రం ఎన్నడూ అడగకండి.

చేయించి తీయడం గురించి డాక్యుమెంటరీ పుట్టినప్పటి నుంచీ వివాదం ఉంది. ఉత్తర కెనడాలోని ఇన్యూట్ ప్రజల మీద తీసిన, 1922లో వచ్చిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'లో రాబర్ట్ ఫ్లాహర్టీ వెలుతురు కోసం ఒక పక్క తెరిచి ఉన్న మంచు ఇల్లు కట్టించాడు, అప్పటికే తుపాకులు వాడుతున్నవారి చేత ఈటెలతో వేట చేయించాడు. మీకు ఉద్దానంలో ఎదురయ్యే ప్రలోభం దీనికంటే చిన్నదిగా కనిపిస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి, హిరమండలం నుంచి నీరు తెచ్చే తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఒక ఇంట్లో కుళాయి నీరో, డబ్బా నీరో తాగుతున్నారనుకోండి. పెరట్లోని పాత బావి దగ్గర సాయంత్రపు వెలుగు బాగుందని, అక్కడ నీళ్లు తోడమని అడిగారంటే ఒక అందమైన అబద్ధాన్ని చిత్రీకరించినట్టే. ప్రేక్షకుడు ఆ నీటినే తాగుతున్నారని అనుకుంటాడు, ఊళ్లోవారు మాత్రం నవ్వుకుంటారు. కుళాయి రోజూ రాకపోతే రాని రోజున తీయండి, వచ్చిన రోజున కూడా తీయండి. అలాగే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన తోటల పాత దృశ్యాలు వాడితే, అవి ఎప్పటివో తెర మీద రాయండి.

ముఖం దాచవలసి వచ్చినప్పుడు

కొన్ని సందర్భాల్లో చట్టమే నిర్ణయం చేసేసింది. లైంగిక దాడి బాధితుల గుర్తింపును వెల్లడించడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నిషేధిస్తుంది. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ వర్తిస్తుంది. కేసుల్లో, సంరక్షణలో ఉన్న పిల్లలకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు మార్చడంతో ఈ బాధ్యత తీరదు. బడి, వీధి, బంధువుల వివరాలతో గుర్తుపట్టే వీలున్నా నేరమే.

చట్టం అడగకపోయినా మనిషి అడిగితే దాచాలి. ఇక్కడ బ్లర్ మీద నమ్మకం పెట్టుకోకండి. ముఖం మసకబారినా గొంతు, నడక, గడప రంగు, పెరట్లోని పనసచెట్టు ఊళ్లోవారికి అంతా చెప్పేస్తాయి. దూరపు ప్రేక్షకుడి నుంచి దాచడం తేలిక, పక్కింటి నుంచి దాచడం కష్టం. మీరు దాచవలసింది మాత్రం ఎక్కువగా పక్కింటి నుంచే. కాబట్టి మొదటి నుంచే ముఖం తీయకుండా చేతులను, నీడను, ఊరికి సంబంధం లేని చోటును తీసుకోండి, మాటలను ఇంకొకరి గొంతుతో చదివించండి. 2020లో వచ్చిన 'వెల్కమ్ టు చెచ్న్యా'లో ప్రాణభయంతో పారిపోతున్నవారి ముఖాల మీద, అందుకు ఒప్పుకున్న స్వచ్ఛంద వ్యక్తుల ముఖాలను డిజిటల్‌గా అమర్చి, ఆ సంగతి ప్రేక్షకులకు చెప్పారు. దీనికి భిన్నంగా 2021లో 'రోడ్‌రన్నర్'లో అమెరికన్ వంటవాడు, టీవీ వ్యాఖ్యాత ఆంథొనీ బౌర్డెయిన్ మరణానంతరం ఆయన గొంతును కృత్రిమంగా పుట్టించి కొన్ని వాక్యాలు పలికించారు. ఆ సంగతి సినిమాలో చెప్పకపోవడంతో విమర్శలు వచ్చాయి. సాంకేతికత ఏదైనా వాడండి, కానీ వాడినట్టు తెర మీదనే చెప్పండి.

ఎడిటింగ్ బల్ల దగ్గర

సిక్కోలు (శ్రీకాకుళం) మాటకు సబ్‌టైటిల్స్ రాసేవారు ఆ యాస వినే చెవి ఉన్నవారై ఉండాలి. వెటకారంగా అన్న మాట సబ్‌టైటిల్‌లో దీనమైన మొరగా మారిపోవడం నేను చాలా సినిమాల్లో చూశాను. రాసిన సబ్‌టైటిళ్లను తిరిగి తెలుగులోకి చెప్పి మాట్లాడిన మనిషికి వినిపించండి, తేడా వెంటనే బయటపడుతుంది. విషాద సంగీతం విషయంలో పిసినారిగా ఉండండి.

ఒక రైతు ఈ జబ్బు నీళ్ల వల్లే వచ్చిందని బలంగా చెప్తాడు, ఇంకొకరు పురుగుమందులంటారు, మరొకరు దేవుడి శాపమంటారు. వాటిని వారి నమ్మకాలుగా మర్యాదగా ఉంచండి, కానీ కారణం ఇంకా తేలలేదన్న వాస్తవం అదే వరుసలో స్పష్టంగా రావాలి. మీకు నచ్చిన సిద్ధాంతాన్ని రైతు నోట చెప్పించి మీరు తప్పించుకోవడం అతన్ని వాడుకోవడమే.

రఫ్ కట్‌ను అందులో ఉన్నవారికి చూపించండి. ఇది కొత్త ఆలోచన కాదు. జ్యాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ పారిస్‌లో తీయగా 1961లో వచ్చిన 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్'లో పాల్గొన్నవారికి దృశ్యాలు చూపించి, వారి వాదనలను సినిమాలోనే పెట్టారు. చూపించే ముందు ఏ విషయాల్లో వారి మాట చెల్లుతుందో తేల్చి చెప్పండి. వాస్తవాల పొరపాట్లు, భద్రత, పరువుకు సంబంధించినవి, ముందు పెట్టిన షరతులు వారివి. దృశ్యాల క్రమం, నిడివి మీవి. మొదట కుటుంబానికి వారింట్లోనే విడిగా చూపించండి. అందరి మధ్యా కూర్చున్న మనిషి "నాకు ఇది నచ్చలేదు" అనలేడు.

సినిమాలో ఉన్నది ఒక సంస్థో బృందమో అయితే, ఒక భాగాన్ని మొత్తంగా చూపే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉత్తరప్రదేశ్‌లో గ్రామీణ మహిళలు నడిపే వార్తాసంస్థ 'ఖబర్ లహరియా' మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' ఆస్కార్‌కు నామినేట్ అయింది. 2022 మార్చిలో, వేడుకకు కొన్ని రోజుల ముందు, తమ సంస్థను ఒకే పార్టీ వార్తల మీద దృష్టి పెట్టినట్టు చూపడం తమ పనికి సరైన చిత్రణ కాదని ఆ సంస్థే ప్రకటన ఇచ్చింది. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, ఆ మాట బహిరంగ ప్రకటనలో కాకుండా ఎడిటింగ్ గదిలో వినిపించి ఉంటే అందరికీ మేలు జరిగేది.

ఈ సౌకర్యమంతా అధికారులకు, కాంట్రాక్టర్లకు, నాయకులకు వర్తించదు. పదవిలో ఉన్నవారు పదవి గురించి మాట్లాడిన మాటను తరువాత వద్దన్నారని తీసేయనక్కరలేదు. మాటను సందర్భం నుంచి వేరు చేయకుండా, ఆరోపణకు జవాబు చెప్పే అవకాశం ఇస్తే చాలు. రోగికి, మంత్రికి ఒకే నియమం పెట్టడం సమానత్వం అనిపించుకోదు.

విడుదల, ఆ తరువాత

పంపిణీ ఒప్పందంలో ఒక షరతు తప్పనిసరిగా రాయించండి: సినిమాలోని ముక్కలను విడిగా కత్తిరించి వాడాలన్నా, పోస్టరు, థంబ్‌నెయిల్ తయారు చేయాలన్నా మీ అనుమతి కావాలి. ఏళ్ల శ్రమతో మర్యాదగా తీసిన సినిమా మీద, ఏడుస్తున్న ముఖానికి ఎర్రటి బాణం గుర్తు పెట్టి 'మృత్యు గ్రామం' అని రాస్తే, జనం చూసేది ఆ బొమ్మనే. చాలామంది సినిమా చూడనే చూడరు, ఆ థంబ్‌నెయిల్ మాత్రం వాట్సాప్‌లో పెళ్లివారిదాకా చేరుతుంది. ట్రైలర్‌కు కూడా కుటుంబాల దగ్గర విడిగా అనుమతి తీసుకోండి.

బయట ఎక్కడ వేసే ముందైనా ఊళ్లో వేయండి. బడి ఆవరణలోనో, రామమందిరం దగ్గరో తెర కట్టి, ప్రొజెక్టరుకు ఇన్వర్టరు కూడా తెచ్చుకోండి. విడుదల తేదీ, ఎక్కడ చూడవచ్చో, పాత్రికేయులు ఫోన్ చేస్తే జవాబు ఇవ్వనక్కరలేదన్న సంగతీ కుటుంబాలకు ముందే చెప్పండి. వారి ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వకండి.

వాడని దృశ్యాలు సినిమా నిడివి కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. వాటిలో పూర్తి పేర్లు, వైద్య నివేదికలు, కోపంలో అన్న మాటలు ఉంటాయి. హార్డ్ డిస్కులకు పాస్‌వర్డ్ రక్షణ పెట్టి, ఎవరి దగ్గర ఎన్ని ప్రతులు ఉన్నాయో రాసుకోండి. వేరే చానల్ ఆ ఫుటేజీ కొంటామని వస్తే, అందులోని మనుషులను మళ్లీ అడగకుండా అమ్మకండి. ఎప్పటికి చెరిపేస్తారో అంగీకార పత్రంలోనే ఒక గడువు రాసి ఉంటే, ఆ రోజు రాగానే చెరిపేసి ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

కొన్నేళ్ల తరువాత ఎవరో ఒకరు ఫోన్ చేసి, అమ్మాయికి సంబంధం కుదిరిందని, నెట్‌లో ఆ వీడియో తీసేయమని అడగవచ్చు. గడువు దాటిపోయిందని పత్రం చూపించకండి. ఆ కుటుంబం కనిపించే భాగాన్ని తొలగించి కొత్త ప్రతిని ఎక్కించడం ఎడిటర్‌కు ఒక పూట పని. అందుకోసం ప్రాజెక్టు ఫైళ్లను తెరవగలిగే స్థితిలో ఉంచుకోండి, ఓటీటీతో ఒప్పందంలో ప్రతిని మార్చే హక్కు మీ దగ్గరే ఉండేలా చూసుకోండి.